క్రషర్‌లో అరిగిన ప్లేట్లు మార్చాలంటే: ఏ సామాను, ఏ పద్ధతి, ఎవరి చేత

జా క్రషర్ అంటే రెండు ఉక్కు దవడల (జాల) మధ్య రాయిని నలిపే మిషన్. ఒక జా కదలదు, అది ఫిక్స్‌డ్ జా; రెండోది ఊగుతుంది, అది స్వింగ్ జా. రెండిటికీ అరిగిపోయే ప్లేట్లు బిగించి ఉంటాయి. ముప్పై-ఇరవై (నోరు ముప్పై అంగుళాలకు ఇరవై అంగుళాలు) జా క్రషర్ ప్లేటు బరువెంత అని అడిగితే తలో మాట చెబుతారు. మూడొందల కిలోలని ఒకరంటే నాలుగొందలని ఇంకొకరు. అంచనాలు వద్దు, టేపు తీయండి. వెడల్పు ముప్పావు మీటరు, ఎత్తు మీటరూ పది సెంటీమీటర్లు, పళ్ళూ వాటి మధ్య గాడులూ కలిపి సగటు మందం ఎనిమిది సెంటీమీటర్లు అనుకుందాం. 0.75 × 1.1 × 0.08 అంటే 0.066 ఘనపు మీటర్లు. ఉక్కు ఘనపు మీటరుకు సుమారు 7,850 కిలోలు తూగుతుంది. గుణిస్తే 518 కిలోలు. అర టన్ను దాటింది. దాన్ని మూడు నాలుగు వందల కిలోలనుకుని అర టన్ను చైన్ బ్లాకు (చేత్తో గొలుసు లాగి బరువెత్తే కప్పీ) తగిలించేవాళ్ళని నేను చాలా చోట్ల చూశాను.

ఇరవై ఏళ్ళకు పైగా క్రషర్ల మెయింటెనెన్సులోనే ఉన్నాను. ప్లేటు ఆర్డరు పెట్టేటప్పుడైనా, క్రేను పిలిచేటప్పుడైనా, పని ఎవరికి అప్పజెప్పాలో ఆలోచించేటప్పుడైనా ముందుగా వేసుకునే ప్రశ్న ఒకటుంది. ఈ పద్ధతిలో అయితే మనిషి ఎన్ని నిమిషాలు రెండు జాల మధ్యలోనో, వేలాడే బరువు పక్కనో ఉండాల్సి వస్తుంది? ధర, టన్నేజీ, షట్‌డౌన్ గంటలు దాని తర్వాతే చూస్తాను. కింద చెప్పే ఎంపికలన్నీ ఆ నిమిషాల లెక్క మీదే చేసినవి.

కరెంటు తీయడంలో తేడాలు

మన క్రషర్లలో కరెంటు తీయడం మూడు రకాలుగా సాగుతోంది. స్టాప్ బటన్ నొక్కి "ఎవడూ ముట్టుకోవద్దు" అని కేకేయడం ఒకటి. ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవడం రెండోది. ఐసోలేటరు, అంటే మోటరును కరెంటు నుంచి పూర్తిగా విడదీసే స్విచ్చి, దించి తాళం వేయడం మూడోది.

మొదటిదాని గురించి చర్చ అనవసరం, అది మానేయాల్సిన పని. రెండోది పాత అలవాటు, కొంతవరకు పనిచేసింది కూడా. అయితే ప్యానెల్ రూములో విడి ఫ్యూజులు ఎప్పుడూ ఉంటాయి. షిఫ్టు మారి వచ్చిన మనిషి "అరే, ఫ్యూజు పోయిందే" అనుకుని కొత్తది పెడితే మీ జేబులో ఉన్నది ఎందుకూ పనికిరాదు. తాళం వేస్తే ఆ అవకాశమే ఉండదు. ఆరు రంధ్రాల హ్యాస్ప్ (ఒకే చోట ఆరు తాళాలు పట్టే కొండీ) ఒకటి కొని ఐసోలేటరుకు తగిలించండి. లోపలికి దిగే ప్రతి మనిషీ తన తాళం తానే వేసుకోవాలి, తాళం చెవి తన దగ్గరే ఉంచుకోవాలి. సూపర్‌వైజరు అందరి తరఫునా ఒకే తాళం వేయడం చాలదు. ఆయన భోజనానికి వెళ్ళి ఫోనులో "తీసేయండి" అంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

తాళం ఎక్కడ వేస్తున్నామన్నది ఇంకా ముఖ్యం. చాలా క్రషర్లు లైను కరెంటు మీదా, డీజీ సెట్టు (డీజిల్ జనరేటరు) మీదా రెండిటి మీదా నడుస్తాయి. ఇన్‌కమర్ (లైను కరెంటు వచ్చే మెయిన్ స్విచ్చి) దించేసి పనిలో దిగితే, మధ్యలో ఎవరో లైట్ల కోసమో నీళ్ళ మోటరు కోసమో డీజీ వేసి చేంజోవర్ (లైను నుంచి డీజీకి మార్చే స్విచ్చి) తిప్పితే జా మోటరుకు మళ్ళీ కరెంటు వస్తుంది. కాబట్టి తాళం చేంజోవర్‌కు ఇవతల, మోటరు వైపున్న ఐసోలేటరుకు పడాలి. జా మోటరుకు ఒకటి, హాపరు (రాయి పోసే తొట్టి) నుంచి జాలోకి రాయి తోసే ఫీడరుకు ఇంకొకటి. హాపరులో రాయి నిండుగా ఉండగా కింద జాలో మనిషి ఉంటే ఫీడరు ఒక్క కుదుపు చాలు, బండ వచ్చి మీద పడుతుంది. హాపరు ఖాళీ చేసుకోవడమే ఉత్తమం. అది కుదరకపోతే హాపరు నోటికి అడ్డంగా దూలాలు వేసి కట్టాలి. తాళాలన్నీ పడ్డాక స్టార్ట్ బటన్ నొక్కి చూడండి. మిషన్ కదలకపోతేనే లోపలికి దిగాలి.

కరెంటు లేకపోయినా ఫ్లైవీలు తిరుగుతుంది

నేను కొత్తగా సూపర్‌వైజరు అయిన రోజుల్లో పనిచేసిన ఒక క్రషర్‌లో, మోటరు తాళం వేసే ఉంది. స్వింగ్ జా ప్లేటును బిగించి పట్టే వెడ్జి బోల్టులు తీసి ప్లేటును చైన్ బ్లాకుతో పైకి లాగాం. ప్లేటు సీటు వదలగానే ఫ్లైవీలు తనంతట తానే పావు చుట్టు తిరిగింది. స్వింగ్ జా కదిలింది. సీటు తుడుస్తున్న ఫిట్టరు కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. ఆ రోజు మేం ఎవరం ఫ్లైవీలు గురించి ఆలోచించలేదు. ఆలోచించాల్సింది నేను.

కారణం చాలా మామూలుది. ఫ్లైవీలులో కౌంటర్ వెయిట్ ఉంటుంది. స్వింగ్ జా బరువు, ఆ వెయిట్ ఒకదానికొకటి సరిపడి ఉన్నచోట మిషన్ ఆగుతుంది. జా మీంచి అర టన్ను తీసేయగానే ఆ తూకం తప్పుతుంది, ఫ్లైవీలు కొత్త తూకం వెతుక్కుంటూ తిరుగుతుంది. దీనికి విరుగుడు మూడు రకాలు. ఫ్లైవీలు ఆకుల మధ్య గడ్డపార దూర్చడం, ఫ్లైవీలు కింద రెండు వైపులా చెక్క ఆప్‌లు కొట్టడం, మిషన్‌తో ఇచ్చిన లాకింగ్ పిన్ను వేయడం. పిన్ను ఉంటే పిన్నే వేయండి. అది పోయి ఉంటే, చాలా చోట్ల పోయే ఉంటుంది, చెక్క ఆప్‌లతో పాటు ఫ్లైవీలును ఫ్రేముకు చైనుతో బిగించి కట్టండి. గడ్డపార మాత్రం వద్దు. ఫ్లైవీలు కదిలితే గడ్డపార చివర విసురుకొచ్చి తగిలేది మనిషికే.

టాగుల్ ప్లేటు (స్వింగ్ జా కింది భాగాన్ని వెనక నుంచి ఆపి పట్టే పలక) తీసే పని ఉంటే జాగ్రత్త రెట్టింపు కావాలి. టెన్షన్ రాడ్ స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, నట్టు వదులు చేస్తున్నప్పుడు దాని ఎదురుగా నిలబడకూడదు. టాగుల్ జారగానే స్వింగ్ జా కింది భాగం ఊగుతుంది కాబట్టి ముందే చైనుతో లాగి కట్టాలి. టాగుల్ ఎంపికలోనూ ఒక చెడు పొదుపు కనిపిస్తుంటుంది. అసలు టాగుల్ విరిగితే, మళ్ళీ విరగకుండా ఉండాలని స్థానిక వర్క్‌షాపులో మందపాటి ఉక్కు పలక కోసి వేస్తున్నారు. టాగుల్ విరగడానికే ఉంది. లోపల ఇనుప ముక్క పడినప్పుడు అది ఫ్యూజులా తెగి షాఫ్టునూ ఫ్రేమునూ కాపాడుతుంది. మందం పెంచితే ఆ దెబ్బ పిట్‌మన్ (స్వింగ్ జాను కదిలించే భాగం) మీదకో బేరింగు మీదకో పోతుంది. మీ మోడలుకు కంపెనీ చెప్పిన లోహం, చెప్పిన మందం, అంతే వేయండి.

తిప్పి వేయాలా, కొత్తది వేయాలా

ఫిక్స్‌డ్ జా ప్లేటు కింది భాగమే ముందు అరుగుతుంది, బయటికొచ్చే రాయంతా అక్కడ నలుగుతుంది కాబట్టి. పైకీ కిందికీ ఒకేలా ఉన్న ప్లేటయితే తిప్పి వేసుకోవచ్చు. ఖర్చు మిగులుతుంది, నిజమే. కానీ తిప్పడమంటే పూర్తి పనే. బోల్టులు తీయాలి, ఎత్తాలి, బయట నేల మీద తిరగేయాలి, మళ్ళీ దించాలి. మనిషి లోపల ఉండే సమయం కొత్త ప్లేటు వేసినంతే. అందుకని ఒకటే సలహా ఇస్తాను. కింది మూడో వంతులో పళ్ళు సగానికి పైగా పోయినప్పుడు ఒక్కసారి తిప్పండి, ఆ తర్వాత జతగా కొత్తవి వేయండి. ఫిక్స్‌డ్ వైపు ఈ నెల, స్వింగ్ వైపు వచ్చే నెల అని విడివిడిగా పెట్టుకుంటే ప్రమాదపు గంటలు రెండింతలవుతాయి. ప్లేటు పలచబడి వెనక సీటు కొట్టుకుపోయేదాకా ఆగితే జా బాడీయే పాడవుతుంది. ఆ రిపేరు ముందు ప్లేటు ధర చాలా చిన్నది.

పెద్ద జాలకు ప్లేటు ఒకే ముక్కగా కూడా, పైదీ కిందదీ రెండు ముక్కలుగా కూడా దొరుకుతుంది. నేను రెండు ముక్కల వైపే మొగ్గుతాను. ఎత్తే బరువు సగం, అరిగిన కింది ముక్కనే మార్చుకోవచ్చు. దానికి బోల్టులు ఎక్కువ ఉంటాయి, వాటిని బిగించే సమయం కూడా లెక్కలోకి వస్తుంది. చిన్న జాలో మాత్రం ఒకే ముక్క మేలు.

పళ్ళ మీద అక్కడికక్కడే వెల్డింగు పెట్టి మందం పెంచుకోవడం ఇంకో దారి. ప్లేటు తీయకుండా అయిపోతుందని ఓనర్లకు ఇష్టం. నా లెక్కలో ఇది అన్నిటికన్నా చెడ్డది. వెల్డరు రెండు జాల మధ్య గంటల తరబడి కూర్చోవాలి. ఈ ప్లేట్లు పోసే మాంగనీసు ఉక్కు వెల్డింగులో వచ్చే పొగ ఊపిరితిత్తులకే కాదు, దీర్ఘకాలంలో నరాలకూ చేటు. పైగా ఈ ఉక్కు 260 డిగ్రీలు దాటి వేడెక్కి అలాగే ఉంటే పెళుసవుతుంది. నిదానంగా, చల్లబరుస్తూ వెల్డింగు చేసే ఓపిక ఇరుకు జాలో ఎవరికీ ఉండదు. హార్డ్ ఫేసింగు (ఇలా వెల్డింగుతో గట్టి పొర వేయడం) చేయాలంటే ప్లేటును బయటికి తీసి షెడ్డులో చేయించండి.

ఎంత శాతం మాంగనీసు, ఏ ఫౌండ్రీ

1882లో ఇంగ్లండులో రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన ఉక్కే ఇప్పటికీ మన ప్లేట్లకు ఆధారం. 12 నుంచి 14 శాతం మాంగనీసు, ఒక శాతం పైచిలుకు కార్బన్. కొత్తలో మెత్తగా, బ్రినెల్ (గట్టిదనం కొలత) 200 చుట్టుపక్కల ఉంటుంది. రాయి దెబ్బలు తినేకొద్దీ పై పొర గట్టిపడి 450 దాటుతుంది. దెబ్బ పడకపోతే గట్టిపడదు. అది అర్థమైతే ఎంపిక సులువు.

కరీంనగర్ గ్రానైట్, అనకాపల్లి వైపు చార్నోకైట్ లాంటి గట్టి రాయి పెద్ద బోల్డర్లుగా పడే ప్రైమరీ జాకు (రాయిని మొదట నలిపే మిషన్‌కు) 18 శాతం మాంగనీసు, కొంచెం క్రోమియం కలిసినది సరిపోతుంది. వికారాబాద్ వైపు నల్లరాయికీ అదే. 22 శాతం దాకా పోవాలంటే దెబ్బ బలంగా, ఎడతెగకుండా పడే పెద్ద మిషన్ ఉండాలి. మామూలు ముప్పై-ఇరవైకి అది డబ్బు దండగ. పల్నాడు, తాండూరు సున్నపురాయికి 14 శాతమే చాలు.

కంపెనీ ప్లేటా, లోకల్ ఫౌండ్రీ ప్లేటా అంటే, మంచి లోకల్ ప్లేటు తప్పకుండా ఉంటుంది. నేను మూడు పరీక్షలు పెడతాను. మొదటిది అయస్కాంతం. సరైన మాంగనీసు ఉక్కుకు అయస్కాంతం అంటదు. పై పొర కార్బన్ కోల్పోయి కాస్త లాగవచ్చు. గ్రైండరుతో రెండు మిల్లీమీటర్లు గీకి మళ్ళీ పెట్టండి, అప్పుడూ గట్టిగా పట్టుకుంటే ఆ ప్లేటు తిప్పి పంపండి. రెండోది, హీట్ ట్రీట్‌మెంటు చార్టు అడగండి. వెయ్యి డిగ్రీలు దాటించి నీళ్ళలో ముంచారా అన్నది ఒక్క అయస్కాంతంతో తేలదు. మూడోది వీపు. ప్లేటు వెనక వైపు స్ట్రెయిట్ ఎడ్జి పెట్టి వెలుతురు కనిపిస్తుందేమో చూడండి. వీపు సమంగా లేని ప్లేటు సీటు మీద ఊగుతుంది, వెడ్జి బోల్టు వదులవుతుంది, వారంలో మళ్ళీ దిగి బిగించాలి. కిలోకు మిగిల్చిన డబ్బులకు మనిషి మళ్ళీ మళ్ళీ జాలోకి దిగుతున్నాడు. అందుకే వీపు మెషినింగు చేయని ప్లేటు ఎంత చవకైనా నేను తీసుకోను.

ఆర్డరులో ఇంకో మాట రాయించండి: ఎత్తడానికి రంధ్రం గానీ పోతపోసిన కొక్కెం గానీ ఉండాలని. అది లేకపోతే సైటులో వెల్డరు ప్లేటుకు ఒక ఇనుప కడ్డీ ముక్క అతికి, దానికి షాకిల్ తగిలిస్తాడు. మామూలు ఎలక్ట్రోడుతో మాంగనీసు మీద వేసిన ఆ అతుకు వేడికి పెళుసై, చెప్పాపెట్టకుండా ఊడుతుంది. పోతపోసిన కొక్కెం కూడా ఒక్క లైనరును (అరిగాక మార్చే ప్లేటును) ఎత్తడానికే. లైనరుతో పాటు మిషన్ భాగాన్ని కూడా దాంతో ఎత్తకూడదు.

దేంతో ఎత్తాలి

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎక్కువ ప్రాణాలు పోయేది ఇక్కడే కాబట్టి.

ఎక్స్‌కవేటర్ బకెట్ పంటికి స్లింగు తగిలించి ఎత్తడం మన దగ్గర అన్నిచోట్లా ఉంది. మిషన్ సైటులోనే ఉంటుంది, అద్దె లేదు. బకెట్ కాస్త ఒరిగితే స్లింగు పంటి మీంచి జారుతుంది. హైడ్రాలిక్ కదలిక మిల్లీమీటర్లలో రాదు, జానెడు జానెడుగా వస్తుంది. ప్లేటును గాడిలో కూర్చోబెట్టే పనికి అది పనికిరాదు.

హైడ్రా క్రేను బయట నేల మీద పనికి బాగుంటుంది. జా క్రషర్ మాత్రం ఎత్తైన ప్లాట్‌ఫారం మీద ఉంటుంది. బూమ్ చాచేకొద్దీ హైడ్రా మోసే బరువు తగ్గిపోతుంది. పన్నెండు టన్నుల హైడ్రా అన్నంత మాత్రాన బూమ్ పూర్తిగా చాచినప్పుడు పన్నెండు టన్నులు మోయదు. క్యాబిన్‌లో అతికించిన లోడ్ చార్టు చూసి మాట్లాడండి. ఆపరేటరుకు జా లోపలి భాగం కనిపించదు, సైగ చేసే మనిషి ఒక్కడే ఉండాలి. నలుగురు నాలుగు వైపుల నుంచీ చేతులూపితే ఆపరేటరు ఎవరిని చూడాలి?

నా ఎంపిక, క్రషర్ పైన శాశ్వతంగా నిలబెట్టిన గ్యాంట్రీ దూలం, దానికి ట్రాలీ, రెండు టన్నుల చైన్ బ్లాకు. మొదట ఖర్చు అవుతుంది. చైన్ బ్లాకు నిదానంగా పోతుంది, ఆ నిదానమే మనకు కావాల్సింది. ప్లేటును వెంట్రుకవాసి దించవచ్చు, దూరంగా నిలబడి చైను లాగవచ్చు. దూలాన్ని ఇంజనీరు చేత లెక్క వేయించి, సేఫ్ లోడ్ ఎంతో పెయింటుతో రాయించండి. లిఫ్టింగు సామాన్లన్నీ ఏడాదికి ఒకసారైనా అర్హత ఉన్న మనిషి చేత పరీక్ష చేయించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. కోన్ క్రషర్ హెడ్డు లాంటి పెద్ద బరువులకు మాత్రం క్రేను తప్పదు.

గుడ్డ బెల్టు స్లింగు తేలిక అని వాడకండి, ప్లేటు అంచు దాన్ని కత్తిలా కోస్తుంది. చైను స్లింగు, సరైన షాకిల్ వాడండి. ప్లేటు ఊగకుండా పట్టుకోవడానికి చేతులు కాదు, రెండు వైపులా తాళ్ళు కట్టండి.

పట్టేసిన బోల్టు

ముందు నూనె పోసి రాత్రంతా వదిలేయడం, తర్వాత హైడ్రాలిక్ రెంచి, అప్పటికీ రాకపోతే గ్యాస్ కట్టరు. ఈ వరుసలో పోండి. సమ్మెటతో నేరుగా ప్లేటు మీద, వెడ్జి మీద కొట్టడం ఆపండి. దెబ్బలకు గట్టిపడిన మాంగనీసు అంచు నుంచి చిన్న ముక్క బుల్లెట్టులా లేస్తుంది, కళ్ళు పోగొట్టేది అదే. కొట్టక తప్పకపోతే మధ్యలో రాగి కడ్డీ గానీ ఇత్తడి కడ్డీ గానీ పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని కొట్టాలి. గ్యాస్ కట్టరు వాడితే కింద కన్వేయరు బెల్టు ఉందని మర్చిపోవద్దు. నిప్పురవ్వలు రబ్బరులో దూరి, పనివాళ్ళంతా వెళ్ళిపోయాక రాజుకుంటాయి. బెల్టు మీద తడి ఇసుక పరిచి, పని అయ్యాక ఒక మనిషిని గంటసేపు కాపలా పెట్టండి.

లోపలికి దిగేముందు నీళ్ళు కొట్టి దుమ్ము అణచండి. గ్రానైట్ దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది, దానివల్ల సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చాక దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు ఆ సన్నని దుమ్మును ఆపదు, ఎన్95 మాస్కు ఆపుతుంది.

కోన్, ఇంపాక్టర్

కోన్ క్రషర్‌లో శంకువు ఆకారపు హెడ్డు తిరుగుతూ రాయి నలుపుతుంది, దాని మీది అరిగే తొడుగే మాంటిల్. మాంటిల్ వెనక ఖాళీ నింపడానికి పాత రోజుల్లో కరిగించిన జింకు పోసేవాళ్ళు. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది. హెడ్డు మీద కాస్త తడి ఉన్నా అది ఒక్కసారిగా ఆవిరై, కరిగిన లోహాన్ని మనిషి మీదకు చిమ్ముతుంది. దాని పొగ పీలిస్తే ఆ రాత్రే చలిజ్వరం. ఎపాక్సీ (పోశాక గట్టిపడే రసాయన జిగురు) బ్యాకింగు వచ్చాక జింకు వాడాల్సిన అవసరమే లేదు. ఎపాక్సీకి చేతి తొడుగులు కావాలి, చర్మానికి పడదు. మే నెల ఎండలో డబ్బాలో ఉండగానే గట్టిపడుతుంది కాబట్టి తెల్లవారుజామున పోయండి. పాత మాంటిల్ తీసేటప్పుడు నట్టు కింది కటింగ్ రింగును గ్యాస్‌తో కోస్తారు. మంట ఎపాక్సీకి తగిలితే విషపు పొగ వస్తుంది, గాలి వీపుకు తగిలేలా నిలబడి కోయాలి. మీ మోడలుకు బ్యాకింగు అక్కర్లేని లైనర్లు దొరికితే అవే తీసుకోండి.

ఇంపాక్టర్ (తిరిగే రోటరు కొట్టి రాయి పగలగొట్టే మిషన్) బ్లో బార్లలో, అంటే రాయిని కొట్టే దిమ్మెల్లో, పెద్ద రాయి పడి, మధ్యలో ఇనుము వచ్చే అవకాశం ఉంటే మాంగనీసు గానీ మార్టెన్‌సైటిక్ (హీట్ ట్రీట్‌మెంటుతో గట్టిపరచిన) ఉక్కు గానీ వేయండి. సన్నగా, శుభ్రంగా వచ్చే సున్నపురాయికి హై క్రోమ్ (క్రోమియం ఎక్కువున్న పోత ఇనుము) ఎక్కువ కాలం వస్తుంది, కానీ ఇనుప ముక్క తగిలితే పగిలి లోపలే ఎగురుతుంది. ఎదురెదురు బార్లు తూచి ఒకే బరువున్నవి జత చేయాలి. రోబో ఇసుక తీసే వీఎస్‌ఐ (నిలువు షాఫ్టు ఇంపాక్టర్) రోటరు టిప్పులకూ ఇదే నియమం.

ఎవరి చేత చేయించాలి

సొంత ఫిట్టర్లు, కంపెనీ సర్వీసు మనుషులు, బయటి గుత్త ముఠా. కోన్ క్రషర్‌కు మొదటి రెండుసార్లు కంపెనీ మనుషులనే పిలిచి, మీ ఫిట్టర్లను పక్కనే నిలబెట్టి నేర్పించండి. జాకు సొంత ఫిట్టర్లు చాలు. గుత్త ముఠాలో పనితనం ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, చిక్కల్లా గుత్తలో ఉంది. ప్లేటుకు ఇంత అని మాట్లాడితే వాళ్ళు తాళం వేసే పది నిమిషాలు కూడా మిగుల్చుకోవాలని చూస్తారు. రోజు కూలికి మాట్లాడండి. వాళ్ళ తాళాలు కూడా మీ హ్యాస్ప్‌కే పడాలి.

కొత్త ప్లేటు బిగించాక పావుగంట ఖాళీగా తిప్పి శబ్దం వినండి. తర్వాత సగం ఫీడుతో నడపండి. మొదటి షిఫ్టు అయ్యేసరికి ప్లేటు సీటులోకి దిగి వెడ్జి బోల్టులు తప్పకుండా వదులవుతాయి, అప్పుడు మిషన్ ఆపి మళ్ళీ బిగించాలి. రెండో రోజు ఇంకోసారి. ఆ పది నిమిషాల బిగింపుకూ తాళాలన్నీ వేసి, ఫ్లైవీలు చైను కట్టి, స్టార్ట్ బటన్ నొక్కి చూశాకే దిగాలి.